బడి లేని వృత్తి: వెబ్ డిజైనర్లు ఎలా తయారయ్యారు

డాక్టరు కావాలంటే మెడికల్ కాలేజీ ఉంది. ప్లీడరు కావాలంటే లా కాలేజీ ఉంది. వడ్రంగి కొడుక్కి ఇంట్లోనే గురువున్నాడు. వెబ్ డిజైనర్‌కు చాలాకాలం ఇవేవీ లేవు. ముప్పై అయిదేళ్ల కిందట అసలు లేని పని ఇది. ఇవాళ ఈ పనిలో ఉన్నవాళ్లను అడిగి చూడండి. ఒకరు బీకాం చదివామంటారు, ఒకరు గోడల మీద సినిమా అక్షరాలు రాసేవాళ్లమంటారు, ఇంకొకరు డీటీపీ సెంటర్లో పెళ్లి కార్డులు చేస్తూ చేస్తూ ఇటు వచ్చి పడ్డామంటారు. అమెరికాలోనూ ఇదే కథ. ఈ రంగానికి ప్రమాణాలు ఉండాలని పట్టుబట్టిన జెఫ్రీ జెల్డ్‌మన్ అంతకు ముందు ప్రకటనలకు మాటలు రాసేవాడు. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మొదలుపెట్టిన నాటికి మాట్ ముల్లెన్‌వెగ్‌కు 19 ఏళ్లు.

ఈ వృత్తి చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా పనిముట్ల వరుస చదువుతారు: ముందు టేబుళ్లు, తర్వాత ఫ్లాష్, ఆపైన సీఎస్ఎస్, మొబైలు, ఫిగ్మా, ఇప్పుడు ఏఐ. వరుస నిజమే. కానీ ఒక్కో దశలో కొత్తగా వచ్చినవాళ్లు ఏం చూసి, ఎవరి దగ్గర, ఏ పని మీద చెయ్యి తిప్పుకుని డిజైనర్లయ్యారన్న ప్రశ్న అందులో తప్పిపోతుంది. పనిముట్లు మారినందుకు కంగారుపడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నేర్చుకునే తోవలు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయని కంగారుపడేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోదే అసలు సంగతి.

మొదట్లో ఇక్కడ డిజైన్ అనేదే లేదు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదన రాసి, 1991లో లోకానికి చూపించినది శాస్త్రవేత్తలు కాగితాలు పంచుకునే ఏర్పాటు. పేజీలు రాసే భాష పేరు హెచ్‌టీఎంఎల్. దాని గురించి అప్పటి పత్రంలో ఉన్నవి 18 ట్యాగులు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె అని రచయిత చెబుతాడు. అది తెర మీద ఎలా కనబడాలో బ్రౌజరూ చదివేవాళ్లూ చూసుకుంటారు. ఆ మొదటి సైటును సెర్న్ 2013లో మళ్లీ నిలబెట్టింది. బ్రౌజరు కిటికీని ఇరుకు చేసినా, వెడల్పు చేసినా అక్షరాలు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు డిజైనర్లు కష్టపడి పోగొట్టుకుని, మళ్లీ కష్టపడి తెచ్చుకున్న గుణం అది.

1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అదే ఏడాది మొజాయిక్ బ్రౌజరు పేరాల మధ్యన బొమ్మను చూపించింది. దాంతో అచ్చు రంగం వాళ్లు ఇటు చూశారు. పత్రిక పేజీలో ప్రతి గీతా తాము పెట్టిన చోటే ఉండటం వాళ్లకు అలవాటు. ఇక్కడేమో ఏదీ మాట వినదు. 1995లో నెట్‌స్కేప్ 1.1 లెక్కల పట్టికలు వేసుకోవడానికి టేబుల్ అనే సదుపాయం ఇస్తే, డిజైనర్లు దాని గీతలు చెరిపేసి మొత్తం పేజీని ఆ గళ్లలో బిగించారు. ఖాళీ జాగా కావాలంటే కంటికి కనబడని ఒక్క పిక్సెల్ జిఫ్ బొమ్మను సాగదీసి పెట్టారు. డేవిడ్ సీగెల్ 1996లో రాసిన ‘క్రియేటింగ్ కిల్లర్ వెబ్ సైట్స్’ ఈ చిట్కాలకు బైబిలయింది. మరుసటి ఏడాదే ఆయన, వెబ్ పాడైందనీ దాన్ని పాడుచేసింది తానేననీ ఒక వ్యాసం రాశాడు. సొంత పుస్తకం అమ్ముడవుతుండగా అలా రాసినవాళ్లు ఏ రంగంలోనైనా అరుదు.

సీగెల్‌ను ఇప్పుడు తిట్టడం తేలిక. కానీ అప్పటి డిజైనర్‌కు వేరే దారి లేదు. హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులోనే, పేజీ రూపాన్ని విడిగా నిర్దేశించే సీఎస్ఎస్‌ను ప్రతిపాదించాడు, అది 1996 డిసెంబరులో ప్రమాణమయింది. బ్రౌజర్లు దాన్ని సవ్యంగా అమలు చేయడానికి మాత్రం మరో అయిదారేళ్లు పట్టింది. ఈలోగా కస్టమరు ఆగడు కదా. స్పేస్ జామ్ సినిమాకు 1996లో చేసిన సైటు నల్లటి ఆకాశం మీద గ్రహాల బొమ్మలతో ఇప్పటికీ తెరుచుకుంటుంది. ఆ కాలం పని ఎలా ఉండేదో తెలియాలంటే ఏ పుస్తకమూ చదవక్కర్లేదు, అది తెరిచి చూస్తే చాలు.

తెరిచి చూడటం అన్నాను. ఈ వృత్తికి ఏకైక విశ్వవిద్యాలయం అదే. తొలినాళ్ల బ్రౌజర్ల నుంచీ ‘వ్యూ సోర్స్’ అనే మెనూ ఉంది. ఎవరి పేజీ నచ్చినా దాని వెనకున్న రాత మొత్తం మీ ముందు పరుచుకుంటుంది. వంటిల్లు హాలు మధ్యలో పెట్టుకుని, పోపులో ఏమేశారో ఎవరైనా వచ్చి చూసిపొమ్మన్న హోటలు లాంటిది అప్పటి వెబ్. నచ్చిన ముక్క కాపీ చేసుకుని, రంగు మార్చి, ఏదో చెడగొట్టి, ఎందుకు చెడిందో కనిపెట్టి, అలా నేర్చుకున్నారు. వేసుకోవడానికి జియోసిటీస్ వంటి చోట ఉచితంగా జాగా దొరికేది. మెరిసే అక్షరాలు, కదిలే జిఫ్‌లు, కళ్లు చెదిరే నేపథ్యాలు. వికారంగానే ఉండేవి. ఆ వికారంలోంచే ఒక తరం డిజైనర్లు పుట్టారు. యాహూ 2009లో జియోసిటీస్‌ను మూసేసినప్పుడు చాలామంది నవ్వారు. అక్కడ మూతపడింది ఒక బడి అని గుర్తించినవాళ్లు కొద్దిమందే.

ఫ్లాష్ గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మీద వచ్చిన తీర్పులన్నీ ఒకవైపు మొగ్గినవే. ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను కొని మాక్రోమీడియా దానికి ఫ్లాష్ అని పేరు పెట్టింది. అచ్చు డిజైనర్లు కోరుకున్న పట్టు మొత్తం అందులో దొరికింది: నచ్చిన ఫాంటు, నచ్చిన చోట, కదలిక, శబ్దం. కంపెనీ సైటు తెరవగానే అర నిమిషం లోగో గిరగిరా తిరిగి, మూలన ‘స్కిప్ ఇంట్రో’ అని కనిపించిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. వాడకపు సౌలభ్యం గురించి రాసే యాకబ్ నీల్సన్ 2000 అక్టోబరులో ఫ్లాష్ 99 శాతం చెడ్డదేనని రాశాడు. వెనక్కి వెళ్లే బటన్ పనిచేయదు, అక్షరాలు పెద్దవి చేసుకోలేం, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు లోపలేముందో తెలియదు అన్నాడు. అన్నీ నిజాలే. అయితే ఆ ఒక్క శాతం విలువ ఆయన అందుకోలేదు. టైమింగ్ అంటే ఏమిటో, బటన్ మీద వేలు పెట్టగానే తెర ఎంత సేపట్లో బదులివ్వాలో డిజైనర్లు నేర్చుకున్నది ఫ్లాష్‌లోనే. ఇవాళ ఫోన్ యాప్‌లలో మనం సహజమనుకునే మెత్తటి కదలికల వెనక ఆ చేతివాటం ఉంది.

2005లో అడోబీ, మాక్రోమీడియాను కొనేసింది. 2007లో వచ్చిన ఐఫోను ఫ్లాష్‌ను లోపలికి రానివ్వలేదు. ఎందుకు రానివ్వమో స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశాడు. బ్యాటరీ, భద్రత, ఒక కంపెనీ గుప్పిట్లో ఉన్న సాంకేతికత అని ఆయన చెప్పిన కారణాలు సరైనవే గానీ, తన కంపెనీ గుప్పిట్లోనే ఉన్న యాప్ స్టోర్ కోసమే ఇదంతా అన్న అడోబీ మాటను అందులో ఒక్క ముక్కతో తోసిపుచ్చాడు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మంగళం పాడింది. అప్పటికి అందులోనే పదేళ్లు చెయ్యి తిరిగినవాళ్లు కొందరు గేముల్లోకి, కొందరు వీడియో గ్రాఫిక్స్‌లోకి వెళ్లారు. కదలిక గురించి నేర్చుకున్నది వాళ్లకు పనికొచ్చింది. మెనూలు మాత్రమే కంఠతా పట్టినవాళ్లకు ఏమీ మిగల్లేదు.

ఫ్లాష్ వెలిగిన రోజుల్లోనే మరోపక్క ప్రమాణాల ఉద్యమం నడిచింది. నెట్‌స్కేప్‌కూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కూ విడివిడిగా పేజీలు చేసి విసిగిపోయిన డిజైనర్లు 1998లో వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్టుగా ఏర్పడి, బ్రౌజర్ కంపెనీల మెడలు వంచే పనిలో పడ్డారు. ఉపన్యాసాల కంటే గట్టిగా పనిచేసింది 2003లో డేవ్ షే పెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్. ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీ. అందులో ఒక్క అక్షరం ముట్టుకోకుండా, కేవలం సీఎస్ఎస్ మార్చి, వందలమంది డిజైనర్లు వందల రూపాలు కట్టారు. విషయం వేరు, రూపం వేరు అన్న సిద్ధాంతాన్ని కళ్లకు కట్టిన ప్రయోగం అది. చూసినవాళ్లు వెంటనే సోర్స్ తెరిచారు. ఈ వృత్తి చరిత్రలో అన్నిటికంటే మంచి పాఠ్యపుస్తకం ఏదంటే నేను దీన్నే చెబుతాను. అది పుస్తకం కాకపోయినా సరే.

ఉద్యమంలో ఛాందసం కూడా ఉండేది. టేబుల్ వాడినవాణ్ని అంటరానివాడిగా చూసేవాళ్లు. ప్రతి ట్యాగూ నియమం తప్పకుండా మూయాలన్న ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ మోజు అయిదారేళ్లు నడిచి, దాని రెండో రూపం 2009లో పూర్తి కాకుండానే అటకెక్కింది. ఆ గొడవ గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

ఇక మన సంగతి. దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్ఎన్ఎల్ ద్వారా. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకుంది. అక్కడి ఉద్యోగాలకు మనుషుల్ని తయారుచేసే పని మాత్రం అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జరిగింది. సీ, జావా, ఒరాకిల్ బోర్డుల పక్కనే ‘వెబ్ డిజైనింగ్’ బోర్డు వెలిసింది. హెచ్‌టీఎంఎల్, డీహెచ్‌టీఎంఎల్, ఫొటోషాప్, ఫ్లాష్, డ్రీమ్‌వీవర్ అన్నీ కలిపి రెండు మూడు నెలల కోర్సు. జిరాక్స్ షాపులో ‘మెటీరియల్’ దొరికేది. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్లో మంచం అద్దెకు తీసుకున్న కుర్రాళ్లకు, ఇంగ్లీషు మాట్లాడాలంటే బెదిరే వాళ్లకు, తెలుగులో పాఠం చెప్పి ఉద్యోగానికి పంపిన చోటు అది. పెద్ద చదువుల వాళ్లు దాన్ని చూసి ముఖం చిట్లిస్తుంటారు. నాకు ఆ చిట్లింపు మీద గౌరవం లేదు. ఈ వృత్తిలోకి సామాన్యుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి గుమ్మం చూపించింది అమీర్‌పేటే.

కానీ అక్కడ నేర్పింది సాఫ్ట్‌వేర్. ఏ మెనూలో ఏముందో చెప్పారు. అక్షరం ఎంత పెద్దదుండాలో, రెండు వరుసల మధ్య ఎంత ఎడం ఉంటే కన్ను అలసిపోదో, పేజీ తెరిచిన మనిషి దేని కోసం వచ్చాడో చెప్పలేదు. ఇవాళ అవే మెట్ల పక్కన ‘యూఐ యూఎక్స్’, ‘ఫుల్ స్టాక్’ బోర్డులున్నాయి. ఫొటోషాప్ మెనూల చోట ఫిగ్మా మెనూలు చెబుతున్నారు. బోర్డు మారినంత వేగంగా పాఠం మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో వచ్చిన జాతీయ డిజైన్ సంస్థలోనూ ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగంలోనూ చదువు బాగుంటుంది, అయితే ఆ సీట్లు ఏ కొద్దిమందికో. అమీర్‌పేటకూ ఈ సంస్థలకూ మధ్య ఉన్న వేలమందికి మధ్యస్థమైన బడి ఏదీ పుట్టలేదు.

అమీర్‌పేట నుంచి బయటపడ్డ చాలామందికి దొరికిన పని ‘పీఎస్‌డీ టు హెచ్‌టీఎంఎల్’. 2005 తర్వాత ఏడెనిమిదేళ్లు ఇది పెద్ద వ్యాపారం. అమెరికాలోనో ఇంగ్లండులోనో డిజైనర్ ఫొటోషాప్‌లో పేజీ గీసి సాయంత్రం పంపితే, మనవాళ్లు దాన్ని ముక్కలు కోసి, తెల్లారేసరికి పిక్సెల్ తేడా లేకుండా హెచ్‌టీఎంఎల్ చేసి ఇచ్చేవాళ్లు. ఎలాన్స్, ఓడెస్క్ అనే సంతల్లో బేరాలు కుదిరేవి. ఆ రెండూ కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అయ్యాయి. ఈ పని చాలా ఇళ్లలో పొయ్యి వెలిగించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అనే మొండి బ్రౌజరులో పేజీ విరిగిపోకుండా నిలబెట్టడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరనిపించుకున్నారు. నష్టం వేరేచోట జరిగింది. ఆ పేజీ ఎవరి కోసమో, అక్కడ ఆ బటన్ ఎందుకుందో వీళ్లకు ఎవరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. నిర్ణయాలన్నీ అవతల, అమలు ఇవతల. అలా పదేళ్లు గడిపిన మనిషి చేతికి పని వస్తుంది, సొంత నిర్ణయం తీసుకునే ధైర్యం రాదు. తెలుగునాట ఇంతమంది వెబ్ పనివాళ్లు ఉండి కూడా, తెలుగు సైట్ల రూపం ఇంత పేలవంగా ఎందుకుంటుందని ఆశ్చర్యపోయేవాళ్లకు సగం జవాబు ఇక్కడ ఉంది.

ఆ వ్యాపారాన్ని కూలదోసింది ఫోను. ఏతన్ మార్కాట్ 2010 మేలో ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అనే వ్యాసం రాశాడు. తెర వెడల్పును బట్టి పేజీ తానే సర్దుకోవాలి. ఫోనుకొకటి, కంప్యూటర్‌కొకటి కట్టొద్దు. ఒకే వెడల్పుతో గీసిన ఫొటోషాప్ బొమ్మకు ఆ రోజుతో అర్థం పోయింది. నిజానికి ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఆల్సప్ 2000 ఏప్రిల్‌లోనే ఈ మాట చెప్పాడు: వెబ్ కాగితం కాదు, వంగే గుణమే దాని బలం, దాంతో పోట్లాడొద్దు అని. పదేళ్లు ఆ వ్యాసాన్ని అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ పాటించలేదు. చేతిలోకి చిన్న తెర వచ్చాకే పాటించారు. మన దగ్గర 2016లో జియో వచ్చాక కంప్యూటర్ ముఖం చూడకుండా నేరుగా ఫోనులోనే వెబ్‌లోకి దిగినవాళ్లు కోట్లలో చేరారు. విచిత్రమేమిటంటే ఇప్పటికీ మన డిజైనర్లు పెద్ద మానిటర్ మీద గీసి, పెద్ద మానిటర్ మీదే కస్టమరుకు చూపించి ఒప్పిస్తారు.

2011లో ట్విటర్ వాళ్లు ఉచితంగా వదిలిన బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ డిజైన్ మూసతో సైట్లన్నీ కవల పిల్లల్లా తయారయ్యాయి. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీని విడుదల చేశాక పేజీ కట్టడం ప్రోగ్రామర్ల చేతుల్లోకి పోయింది. డిజైన్ ఫొటోషాప్ నుంచి స్కెచ్‌కీ, 2016 తర్వాత బ్రౌజరులోనే నడిచే ఫిగ్మాకీ మారింది. ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటానని అడోబీ 2022లో ప్రకటించి, నియంత్రణ సంస్థల అభ్యంతరాలతో మరుసటి ఏడాది విరమించుకుంది. బొమ్మ గీసేవాళ్లు ఒక గదిలో, కోడ్ రాసేవాళ్లు ఇంకో గదిలో స్థిరపడ్డారు. వెబ్ డిజైన్ గురించి రాసే క్రిస్ కోయర్ 2019లో ఈ చీలిక మీద రాసిన వ్యాసం బాగా చర్చకు వచ్చింది. సీఎస్ఎస్‌లో మునిగితేలేవాళ్లూ జావాస్క్రిప్ట్‌లో మునిగితేలేవాళ్లూ ఒకే ఉద్యోగం పేరుతో ఇంటర్వ్యూలకు వెళ్లి బోర్లాపడుతున్నారన్నది ఆయన ఫిర్యాదు.

డిజైనర్ కోడ్ నేర్చుకోవాలా అన్న పాత తగువు ఇక్కడే రాజుకుంది. అక్కర్లేదనేవాళ్ల వాదన: ఆర్కిటెక్టు ఇటుకలు మోయడు కదా. మోయడు, నిజమే. కానీ ఇటుక ఎంత బరువు ఆపుతుందో తెలియని ఆర్కిటెక్టు ఎవరికీ అక్కర్లేదు. రియాక్ట్ రాయడం రాకపోయినా పరవాలేదు గానీ, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ చదివి అర్థం చేసుకోలేనివాళ్లను వెబ్ డిజైనర్ అనడానికి నాకు మనసొప్పదు. ఫిగ్మాలో గీసింది పేజీ బొమ్మ. పేజీ కాదు. కనెక్షన్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఏమవుతుంది, పేరు పొడవైనప్పుడు ఏమవుతుంది, చూపు లేని మనిషి వింటున్నప్పుడు ఏమవుతుంది అన్న ప్రశ్నలు బొమ్మకు రావు.

ఈ పాతికేళ్లలో పనిముట్లు ఎంత మెరుగైనా పని ఎంత మెరుగైందో తెలియాలంటే ఒక లెక్క చూడొచ్చు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకు అందుబాటుకు సంబంధించి పట్టుబడే లోపాలు 2019లో 97.8 శాతం పేజీల్లో ఉన్నాయి. 2025లో 94.8 శాతం. దొరికినవి చాలావరకు పెద్ద రహస్యాలేమీ కాదు: లేత రంగు అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని ఫారం గడులు. 1999లో వచ్చిన మొదటి మార్గదర్శకాల్లోనే వీటి గురించి రాసి ఉంది. ఏ కొత్త ఫ్రేమ్‌వర్కూ వీటిని బాగుచేయలేదు, ఎందుకంటే ఇవి పనిముట్టు లోపాలు కావు. నేర్చుకోని పాఠాలు.

ఇప్పుడు నేర్చుకునే తోవల దగ్గరికి మళ్లీ వద్దాం. ఇవాళ ఏ పెద్ద సైటుకైనా వెళ్లి వ్యూ సోర్స్ నొక్కండి. యంత్రం నమిలి ఊసిన పొడవాటి వరుసలు కనిపిస్తాయి. మనిషి చదవడానికి రాసినవి కావవి. 19 ఏళ్ల పిల్ల ఆ రాత చూసి ఏమీ నేర్చుకోలేదు. మెనూ ఉంది, తలుపు మాత్రం మూసుకుంది. రెండో తోవ చిన్న పనులు. బంధువుల కిరాణా కొట్టుకు ఒక పేజీ, కాలేజీ ఉత్సవానికి ఒక పేజీ, ఊళ్లో స్కూలుకు ఒక సైటు. తప్పులు చేసినా ఎవరికీ పెద్దగా నష్టం రాని పనులివి, అందరూ చెయ్యి తిప్పుకున్నవి ఇక్కడే. వాటిని ముందు విక్స్ వంటి అచ్చుమూసలు కొంత తినేశాయి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మిగతావీ పోతున్నాయి. ఏం కావాలో మాటల్లో చెబితే పేజీ తయారై వస్తోంది. ఏఐ పరిశోధకుడు ఆంద్రే కార్పతీ 2025 ఫిబ్రవరిలో దీనికి ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టాడు.

ఏఐ వచ్చి డిజైనర్ల పొట్ట కొడుతుందా అని అందరూ అడుగుతున్నారు. పదిహేనేళ్లు అనుభవం ఉన్నవాళ్లకు ఏమీ కాదని నా అంచనా; యంత్రం ఇచ్చిన పేజీలో ఏది చెత్తో వాళ్లకు తెలుసు కాబట్టి ఇంకా వేగంగా పనిచేస్తారు. ఆ చెత్తను గుర్తుపట్టే కన్ను కొత్తవాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఎవరూ అడగడం లేదు. ఆశ పడదగ్గది కూడా ఒకటుంది. ఏఐ దగ్గర కూర్చుని ‘ఈ వరుస ఎందుకు రాశావు, తీసేస్తే ఏమవుతుంది’ అని తెలుగులో అడిగితే ఓపిగ్గా చెబుతుంది. మూసుకున్న సోర్స్‌కు బదులుగా దొరికిన గురువది. అడిగే అలవాటు ఉన్నవాళ్లకే దొరుకుతుంది. తీసుకుని అతికించేవాళ్లకు అమీర్‌పేట మెటీరియల్‌కూ దానికీ తేడా లేదు.

తెలుగులో పనిచేయదలచినవాళ్లకు మాత్రం ఇంకా ఎవరూ సరిగా దున్నని నేల చాలా ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కినా, మన పత్రికల సైట్లు చాలా ఏళ్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచాయి. ఆ ఫాంటు దించుకోకపోతే పేజీ నిండా పిచ్చిగీతలు. గూగుల్‌కు దొరకదు, కాపీ చేసుకోలేం. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపును తెలుగువాళ్లే రాసుకున్నారు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లు తెలుగును తిన్నగా చూపడం 2012 ప్రాంతంలో మొదలైంది. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, సురవరం వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా చేరాయి. ఈ పని చేసినవాళ్లకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

చిక్కేమిటంటే వాటిలో చాలావరకు ఒకే మందంలో ఉన్నాయి. డిజైనర్ బోల్డ్ అనగానే బ్రౌజరు దాన్నే ఉబ్బించి చూపుతుంది, ఒత్తులు బురదలో కూరుకుపోతాయి. హింద్ గుంటూరు, అనేక్ తెలుగు, నోటో వంటి వాటిలో నిజమైన మందాలు పలు రకాలున్నాయని తెలిసిన డిజైనర్లు తక్కువ. ఇంగ్లీషుకు సరిపోయే 1.2 వరుస ఎత్తు తెలుగుకు పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది, 1.6 దాకా వెళితే గానీ ఊపిరాడదు. ఇంగ్లీషు పెద్దక్షరాల శీర్షికకు అందమిచ్చే అక్షరాల ఎడం తెలుగు పదాన్ని పుల్లలు పుల్లలుగా విడదీస్తుంది. ‘సబ్మిట్’ పట్టే బటన్‌లో ‘సమర్పించండి’ పట్టదు. తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు దానికి ఎన్నో రెట్ల బరువు, పల్లెలో సిగ్నల్ మీద దాని ప్రభావం కనిపిస్తుంది. పేజీ పైన భాష తెలుగని ఒక్క మాట రాయకపోతే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరపు ఒక కూర్పు మెసేజిలో వస్తే చాలు ఐఫోను యాప్‌లు కుప్పకూలాయి; ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ప్రపంచంలో అంత డబ్బున్న కంపెనీ కూడా తెలుగును సరిగా పరీక్షించలేదన్నమాట.

ఇవేవీ అమీర్‌పేట కోర్సులో లేవు, ఐఐటీ కోర్సులో ఏ మేరకు ఉన్నా బయటివాళ్లకు చేరవు. ఏఐ కూడా ఇంగ్లీషు పేజీలు చూసి నేర్చినదే కాబట్టి అదే 1.2 వరుస ఎత్తును తెచ్చి తెలుగు నెత్తిన పెడుతుంది. భారతీయ లిపుల అమరిక అవసరాల మీద, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ తయారుచేసిన పత్రం ఇంగ్లీషులో, అదీ ఇంజినీర్ల భాషలో ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ ఊరి గ్రంథాలయానికో బడికో ఒక తెలుగు పేజీని ఏ మూసా వాడకుండా చేత్తో రాయండి, ఇంట్లో ఉన్న వాటిల్లో అన్నిటికంటే చవక ఫోనులో తెరిచి మీ అమ్మమ్మ చేత చదివించండి, దాని సోర్స్ నలుగురికీ చదవడానికి వీలుగా పెట్టండి. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో నలిగిన పెద్దలకూ ఒక విన్నపం. తెలుగు పేజీ ఎలా కట్టాలో మీకు తెలిసినదంతా తెలుగులో ఒక పుస్తకంగా రాయండి. అమీర్‌పేటలో దాన్ని జిరాక్స్ తీసి అమ్ముకున్నా అభ్యంతరం పెట్టకండి.